అడుగున ఎర్ర చుక్క

జూన్ 3, బుధవారం

ఈరోజు పనులు: దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. అమ్మ మందుల డబ్బా వారానికి సరిపడా సర్దాను. పొయ్యి బర్నర్లు విప్పి తోమాను. ఆస్పత్రికి వెళ్లిరావడం ఒకటి. అక్కడ కారు మొరాయించడం ఒకటి.

వంటగది బల్ల దగ్గర నుంచి

తమ్ముడికి,

ఆ చివరి సంగతి కోసమే ఈ ఉత్తరం. ఫోన్ చేయొచ్చుగా అని నవ్వకు. నువ్వు సైటులో లిఫ్టు బిగించే గుంటలో ఉంటే ఫోన్ కలవదు. కలిసినా ‘ఊఁ ఊఁ’ అంటావు, నెల తిరిగేసరికి ‘నేనట్లా అన్లేదే’ అంటావు. కాగితం మాట మార్చదు.

అమ్మకి సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్ అని నీకు తెలుసు. పొద్దున ఏడింటికి మిషను మీద పడుకోబెడతారు, పదకొండుకి లేపుతారు. మనం ఆలస్యంగా వెళితే ఆ ఆలస్యం మన నాలుగు గంటల్లోంచే పోతుంది. తర్వాతి మనిషి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఇవాళ తిరిగి వచ్చేటప్పుడు పార్కింగ్‌లో కారు టక్ టక్‌మని ఆగిపోయింది. వాచ్‌మన్ ఎవరినో బతిమాలి పక్క కారు నుంచి వైర్లు తగిలించాడు. మెకానిక్ చూసి, ‘బ్యాటరీ మంచిదేనమ్మా, మీరు నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపేస్తుంటే అదెప్పుడు నిండుతుంది?’ అన్నాడు.

పక్క కారు అవసరం లేకుండా ఇంజిను లేపే చిన్న లిథియం పెట్టెలు వస్తున్నాయట, జంప్ స్టార్టర్లు. ఒకటి కొనాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. వెళ్లేటప్పుడు ఆగితే?

నాకు కావలసింది ఇలాంటిది. మన చిన్న పెట్రోలు కారుకి సరిపోయే బలం చాలు. ఎరుపు, నలుపు క్లిప్పులు పొరపాటున తిరగేసి పెట్టినా కాలిపోకుండా ఆపుకునేది కావాలి. వాడకుండా ఉంచితే నెలల తరబడి చార్జింగ్ నిలవాలి. ఎంత ఉందో తెలియడానికి దీపాలు ఉండాలి. టార్చ్‌లైటు, ఫోన్ చార్జింగ్‌లాంటి హంగులు వద్దు. నువ్వు కరెంటు మనిషివి, చూసి చెప్పు. చెప్పడమే, కొనేయకు.

అక్క


జూన్ 9

సైటులో, నాలుగో లిఫ్టు గుంట పక్కన

ఆడిటర్ అక్కకి,

నీ ఉత్తరం మా సూపర్‌వైజర్ చేతిలో పడింది. ‘ఏమయ్యా, కోర్టు నోటీసా?’ అన్నాడు. అంతకంటే ఎక్కువండీ, మా అక్క రాసింది అన్నాను.

పద్దెనిమిదేళ్లుగా కరెంటుతో కాపురం చేస్తున్నాను అక్కా. ఇన్ని షరతులు పెళ్లి సంబంధానికి కూడా పెట్టరు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిది, అంతే. మూడు వేల ఆంపియర్లది దొరికింది. లారీని కూడా లేపుతుందట. రెండు తీసుకుంటే తగ్గింపు అంటే రెండూ తీసేశాను, నీకొకటి, నాకొకటి. అచ్చం కవలలు. పార్సిల్ పంపాను. టార్చ్‌లైటు ఉంది, ఫోన్ చార్జింగ్ ఉంది, తిట్టుకో.

ఎండలో పెట్టకూడదేమో కనుక్కో, నెలనెలా చూడాలేమో కనుక్కో అని కాగితం వెనకాల మళ్లీ రాశావు. అదేమైనా పసిపిల్లా? డిక్కీలో పడేయ్, అవసరమైతే తియ్.

అమ్మని అడిగానని చెప్పు. ఆగస్టులో వస్తాను.

నీ తమ్ముడు


జూన్ 18

వంటగది బల్ల

తమ్ముడికి,

పార్సిల్ అందింది. చెప్పమంటే కొన్నావు. మంచిది.

కాగితం మొత్తం చదివాను. ఆ మూడు వేలు రెప్పపాటు కాలానికేనట. ఇంజిను తిప్పుతున్నంతసేపూ నిలబడే బలం నాలుగు వందలు. అది ఏడో పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. నా కారుకి ఆ నాలుగు వందలు చాలు కాబట్టి వెనక్కి పంపడం లేదు. నీ పెద్ద అంకెని చూసి మాత్రం కాదు.

అదే కాగితంలో, ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే లిథియం పాడైపోతుందని ఉంది. నాది ఇంట్లోనే, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద, గుడ్డసంచిలో ఉంటుంది. ఆస్పత్రి రోజుల్లో నాతో కిందికి వస్తుంది, నాతో పైకి వస్తుంది. ప్రతి ఒకటో తేదీ బొత్తాం నొక్కి దీపాలు లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాను. నాలుగు వెలిగితే నిండుగా ఉన్నట్టు. నీదీ డిక్కీలోంచి తీసి నీడలో పెట్టుకో.

అడుగున ఎర్ర గోళ్ల రంగుతో చుక్క పెట్టాను. ఇంకొకరి దానితో కలిసిపోయే ప్రతి వస్తువుకీ నేను పెట్టేదే కదా, గొడుగు దగ్గర నుంచి స్క్రూడ్రైవర్ దాకా. నవ్వుకో.

అక్క


ఆగస్టు 14, శుక్రవారం

ఈ మూడు రోజుల పనులు: టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడటం, గంటకు పైగా. అమ్మకి ఆక్సిజన్ పెట్టించడం. గురువారం అదనంగా మిషను కోసం డాక్టరు గది ముందు కూర్చోవడం. వంట చేయలేదు.

ఆస్పత్రి వరండా బెంచీ మీద నుంచి

తమ్ముడికి,

బుధవారం పొద్దున ఆరూ ఇరవై అయిదుకి తాళం తిప్పాను. టక్ టక్. మీ బావ అప్పటికే ప్రెస్సుకి మొదటి షిఫ్టుకి వెళ్లిపోయారు. గాభరా పడలేదు. సంచిలోంచి నీ పెట్టె తీశాను. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి, ఏడుసార్లు ఉత్తుత్తిగా చేసి నేర్చుకున్నట్టే పెట్టాను. బొత్తాం నొక్కాను. ఒక్కటే దీపం. అదీ రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

వెనక సీట్లో అమ్మ, ‘ఇంకోసారి చూడవే’ అంది. చూశాను. ఇంకోసారీ చూశాను. పక్కింటివాళ్ల కార్లేవీ లేవు. మొదటి టాక్సీ వస్తున్నానని చెప్పి రాలేదు. రెండోది ఎనిమిదీ అయిదుకి వచ్చింది. అమ్మని మిషను మీద పడుకోబెట్టేసరికి ఎనిమిదీ యాభై. పదకొండుకి లేపేశారు. గంటా యాభై నిమిషాలు పోయాయి. మర్నాటికి కాళ్లు ఉబ్బి, మాట మాటకీ ఆయాసం. నర్సమ్మ నావైపు చూసిన చూపు ఇంకా ఒంటి మీద ఉంది.

అంతకంటే ఒళ్లు మండేది నీ మాట. మీ బావ నీకు ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. నువ్వేమన్నావు? ‘అక్క చార్జింగ్ పెట్టడం మర్చిపోయుంటుంది బావా. లేకపోతే కంగారులో క్లిప్పులు తిరగేసుంటుంది.’ నేను! మర్చిపోవడం! ఆయన కారు తాళం తీసి జేబులో వేసుకున్నారు. ‘ఇక నువ్వు నడపొద్దు. ఆస్పత్రి వ్యానుకి పేరిచ్చేద్దాం’ అన్నారు. ఆ వ్యాను అయిదింటికి వచ్చి ఊరంతా తిరిగి పదకొండు మందిని ఎక్కించుకుంటుంది. అమ్మ గంటన్నరసేపు అలా కూర్చోగలదా?

ఆగస్టు ఒకటిన నాలుగు దీపాలు అని నా చేత్తో రాసి ఉంది. మూడుసార్లు తెరిచి చూసుకున్నాను. ఒకటో తేదీ నుంచి పన్నెండు దాకా నేను దాన్ని వాడలేదు. మరెందుకు చచ్చింది? నువ్వు ఎంచిన సరుకు అలాంటిది కాబట్టి. ఇది నా పుస్తకంలో నీ పేరు మీద రాసుకున్న పెద్ద అంకె.

అక్క


ఆగస్టు 19

సైటు

అక్కకి,

అమ్మ తేరుకుందని బావ చెప్పాడు. హమ్మయ్య.

స్పీకరు ఉందని నాకు తెలీదు. ఏదో నోటికొచ్చింది అనేశాను, మనసులో పెట్టుకోకు. ఎలక్ట్రికల్ సరుకు ఇంతే అక్కా, ఒకటి పదేళ్లు పనిచేస్తుంది, ఇంకొకటి పది రోజులకే పోతుంది. దానికి నువ్వూ బాధ్యురాలివి కాదు, నేనూ కాదు. బావ కోపం కూడా నాలుగు రోజులే. వ్యాను కూడా ఒక రకంగా మంచిదే, నీకు విశ్రాంతి.

ఆ పెట్టెని మాత్రం ఇంట్లో ఉంచకు. దాన్ని విప్పకు, అటూ ఇటూ తిప్పకు, అలాగే తీసుకెళ్లి పాత బ్యాటరీలు తీసుకునేవాడికి ఇచ్చేయ్. ఉబ్బిన లిథియం ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. కొత్తది నేను పంపిస్తాను.

తమ్ముడు


ఆగస్టు 23, ఆదివారం

ఈరోజు పనులు: ఒక్కటే. ఒక వస్తువుని తిరగేసి చూడటం.

వంటగది బల్ల

లిఫ్టు మెకానిక్ గారికి,

తమరు అటూ ఇటూ తిప్పొద్దన్నారు కాబట్టి తిప్పాను.

పెట్టె ఉబ్బి ఉంది, నిజమే. బల్ల మీద పెడితే ఊగుతోంది. అయితే ఉబ్బిందని నేను మీకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. నాకే తెలీదు, ఆ బుధవారం నా చూపంతా దీపాల మీదే ఉంది, తర్వాత అది సంచిలోనే ఉంది. మీ బావకీ తెలీదు. ఆరు గంటల దూరంలో, తొమ్మిదంతస్తుల కింద గుంటలో కూర్చున్న మీకెలా తెలిసింది?

అడుగున ఎర్ర చుక్క లేదు. గోళ్ల రంగు గోకితే మరక మిగులుతుంది, ఆ మరకా లేదు. క్లిప్పుల సందుల్లో నల్లటి గ్రీజు ఉంది, లిఫ్టు తాళ్లకి పూసేది. నా ఇంట్లో గ్రీజు ఎక్కడ ఉంది?

ఇప్పుడు నా పుస్తకం. ఆగస్టు 9, ఆదివారం: ‘తమ్ముడు వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాడు. కింద చాలాసేపు తన కారు దగ్గరే ఉన్నాడు. మంచినీళ్లకని ఒకసారి పైకి వచ్చాడు.’ నీళ్లు వంటగదిలో ఉంటాయి. చెప్పుల స్టాండు మీద కాదు.

సోమవారం కారు మామూలుగానే కదిలింది కాబట్టి సంచి విప్పలేదు. ఒకటో తేదీన తప్ప మధ్యలో దీపాలు చూడకపోవడం నా తప్పు, అది నా పేరుకి రాసుకున్నాను. మిగతాది ఎవరి పేరుకి రాయాలో మీరే చెప్పండి. నీళ్లు నమలకుండా చెప్పండి.

మీ అక్క అనే ఆవిడ


ఆగస్టు 29

సైటులో, గది

అక్కా,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

నేనే మార్చాను. ఆ రోజు భోజనాలయ్యాక నా కారు తుడుస్తూ పాటలు పెట్టుకున్నాను, బ్యాటరీ దిగిపోయింది. నా పెట్టె తీసి చూస్తే ఉబ్బి ఉంది. అన్నీ డిక్కీలోనే పడేసే అలవాటు, దాన్నీ అలాగే పడేశాను. సైటులో నీడ లేదు. నువ్వు రాసిందంతా నిజమైంది. పైకి వచ్చి అడిగితే ఇచ్చేదానివి, నాకు తెలుసు. కానీ ఇచ్చే ముందు ‘చెప్పానా లేదా’ అంటావు. బావ ముందు ఆ ఒక్క మాట పడలేక నీది తీసుకుని నాది సంచిలో పెట్టాను. నీదానితో కారు ఒక్క తిప్పుకే లేచింది. దారిలో ఎక్కడైనా మళ్లీ ఆగితే కావాలని అది నాతోనే ఉంచుకున్నాను. రెండు రోజుల్లో కొత్తది పంపేద్దాం, అక్కకి తెలీదు అనుకున్నాను. సోమవారం లిఫ్టు ఇన్‌స్పెక్షన్, మంగళవారం ఇంకేదో. బుధవారం బావ ఫోన్ వచ్చింది. అప్పటికప్పుడు నోట్లోంచి ఆ అబద్ధం వచ్చేసింది. ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే నువ్వు మళ్లీ ఎలాగూ పట్టుకుంటావు.

నేను మారుస్తుంటే అమ్మ హాల్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చూసింది. నేను వేలు పెదాల మీద పెట్టుకున్నాను. తల ఊపింది.

తమ్ముడు


సెప్టెంబరు 2

వంటగది బల్ల

నీకు,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను.

నువ్వు చేసింది దొంగతనం. దానికి కోపం వస్తుంది, పోతుంది. చిన్నప్పుడు నా జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని కూడా ఇలాగే మార్చావు, ముల్లు విరిగినది పెట్టి. నీ అలవాటు నాకు కొత్త కాదు. కానీ ఆ బుధవారం చచ్చిన కారులో, వెనక సీట్లో, ఆయాసపడుతూ కూర్చున్న మనిషికి సంగతంతా తెలుసు. నేను బానెట్ కింద తల పెట్టి ‘నేనేం తప్పు చేశాను, ఎక్కడ తప్పు చేశాను’ అని పైకే అనుకుంటుంటే విన్నది. విని ‘ఇంకోసారి చూడవే’ అంది. మీ బావ తాళం జేబులో వేసుకుంటుంటే మంచం మీద నుంచి చూసింది. తన ఊపిరికంటే నీ పరువు ఎక్కువైంది తనకి. నా పరువు ఏ లెక్కలోనూ లేదు.

అమ్మతో నేనేమీ అనలేదు. అనను. కాళ్లకి నూనె రాస్తున్నాను, మందులు ఇస్తున్నాను, నీళ్లు గ్లాసు కొలిచి ఇస్తున్నాను. మాట మాత్రం తన దగ్గర నుంచే రావాలి.

నువ్వు చేయాల్సినవి. ఒకటి, వచ్చి మీ బావకి నా ఎదుట, స్పీకరు లేకుండా, నీ నోటితో చెప్పు. రెండు, నీ వారపు సెలవు శుక్రవారానికి మార్చుకో. అమ్మకి గంటా యాభై నిమిషాలు పోయాయి, అది నీ బాకీ. మిషను పక్కన కూర్చో. నువ్వు కూర్చున్న నాలుగు గంటలూ జమ కావు. ఫోన్ చూడకుండా అమ్మ వైపు చూస్తూ కూర్చున్న నిమిషాలే జమ. నర్సమ్మ లెక్క రాస్తానంది. ఆవిడ నాకంటే గట్టి మనిషి.

కొత్త పెట్టె నువ్వు పంపకు. పంపితే తీసుకోను.

అక్క


సెప్టెంబరు 26

సైటు

అక్కకి,

రెండు శుక్రవారాలు అయ్యాయి. బావకి చెప్పిన రోజు నా మొహం నువ్వు చూశావు, దాని గురించి మళ్లీ రాయను. బావ లేచి వెళ్లి తాళం తెచ్చి బల్ల మీద పెడితే నువ్వు, ‘బల్లకి కాదు, చేతికివ్వండి’ అన్నావు చూడు, అప్పుడు మాత్రం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ‘అడగకుండా తీసుకున్నాను’ అని ఇచ్చాడు. ఆ ఇంట్లో నువ్వు ఆ గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నర్సమ్మ నిజంగానే రాస్తోంది! మొదటి శుక్రవారం మొత్తం మీద ఇరవై నిమిషాలు వేసింది. ‘సైటు నుంచి ఫోనండీ’ అంటే, ‘ఇక్కడ మిషను కూడా సైటే బాబూ’ అంది. రెండోవారం ముప్పై అయిదు. అమ్మ రక్తం ఆ గొట్టాల్లో తిరగడం నేను ఇంతవరకూ సరిగ్గా చూడలేదు. నాలుగు గంటలు ఎంత పొడుగో తెలీదు నాకు. నువ్వు వారానికి మూడుసార్లు ఎలా చూస్తున్నావు?

అమ్మ అడిగింది, అక్కకి చెప్పావా అని. అంతా చెప్పాను అన్నాను. ‘నేను చూసిన సంగతి కూడానా?’ అంది. అదీ అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

తమ్ముడు


అక్టోబరు 14, బుధవారం

ఈరోజు పనులు: తెల్లవారుజామున అమ్మకి తల దువ్వి జడ వేశాను. కొత్త పెట్టె దీపాలు చూశాను, నాలుగు. ఇప్పుడు ఒకటో తేదీనే కాదు, బయల్దేరే ప్రతిసారీ చూస్తాను. ఆస్పత్రికి వెళ్లిరావడం ఒకటి. దారిలో కావాలని కారు ఆపడం ఒకటి.

వంటగది బల్ల దగ్గర నుంచి

తమ్ముడికి,

కొత్తది నేనే ఎంచాను. కారు పుస్తకం చేత్తో పట్టుకుని మూడు దుకాణాలు తిరిగాను. మొదటివాడు పెద్ద అంకె చూపించాడు, బయటికి వచ్చేశాను. రెండోవాడు, ‘సార్‌ని తీసుకురండి మేడమ్, వివరంగా చెప్తాను’ అన్నాడు. వాడికి నేనే వివరంగా చెప్పి వచ్చాను. మూడో దుకాణం వెనకాల షెడ్డు ఉంది, చచ్చిన బ్యాటరీతో ఒక పాత కారు ఉంది. ‘మధ్యలో చార్జింగ్ పెట్టకుండా దీన్ని అయిదుసార్లు లేపి చూపిస్తే కొంటాను’ అన్నాను. ఆయన నావైపు చూసి, ‘ఇంతవరకూ ఒక్కరూ అడగలేదమ్మా’ అన్నాడు. అడగకపోతే వాళ్ల ఖర్మ అన్నాను. అయిదుసార్లూ లేచింది. తర్వాత క్లిప్పులు నేనే కావాలని తిరగేసి పెట్టాను. ఎర్ర దీపం వెలిగి, కీచుమని అరిచి, కరెంటు ఇవ్వకుండా ఊరుకుంది. అప్పుడు కొన్నాను. పెట్టె మీద అంకె చిన్నదే. అడుగున చుక్క రెండు పూతలు వేశాను.

నీ పాత ఉబ్బిన పెట్టె పాత బ్యాటరీలవాడికి చేరింది. నాది, చుక్క ఉన్నది, నీ దగ్గరే ఉంచుకో. తిరగేసినప్పుడల్లా కనపడుతుంది.

ఇక ఇవాళ్టి సంగతి.

ఆరున్నరకి బయల్దేరాం. ముందుగానే, ఎప్పటిలా. మూతపడిన పెట్రోలు బంకు మలుపు దగ్గర అమ్మ వెనకనుంచి, ‘చూశానే’ అంది. ఏమిటని నేను అడగలేదు. ‘ఆ రోజు వాడు సంచిలో అది మారుస్తుంటే చూశాను. కారు ఆగినప్పుడు కూడా నాకు తెలుసు.’

నేను కారు పక్కకి తీసి ఇంజిను ఆపేశాను.

‘ఆపకే తల్లీ! మళ్లీ లేస్తుందో లేదో’ అంది.

‘లేస్తుంది. నువ్వు చెప్పు’ అన్నాను.

అద్దంలో తన కళ్లు కనపడుతున్నాయి. చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టింది, విప్పింది. ‘వాడు మాట పడలేడే. చిన్నప్పటి నుంచీ అంతే, ఒక్క మాటంటే రెండు రోజులు అన్నం మానేసేవాడు. నువ్వు పడతావు. ఎన్ని మాటలన్నా లేచి పని చేసుకుంటావు. అందుకని నీ మీదికే పోనిచ్చాను’ అంది.

‘నేను పడతానని నీకెవరు చెప్పారమ్మా?’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ‘పడి లేచి పని చేసుకుంటే నాకు నొప్పి లేదనుకున్నావా? నీకు ఊపిరి అందక నేను ఆక్సిజన్ గొట్టం పట్టుకుని నిలబడితే, ఇదంతా నా వల్లేనని ఆ రాత్రంతా నేను అనుకుంటుంటే, ఆ ఒక్క మాట నీ నోట్లో ఉంది.’

‘ఉంది’ అంది. ‘ఉంచుకున్నాను. తప్పు చేశాను. నీకు చేశాను, వాడికీ చేశాను.’

ఏడవలేదు, నేనూ ఏడవలేదు. క్షమించానని కూడా అనలేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది, నీకు రాస్తుంటే కూడా ఉంది. గడియారం చూశాను. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. ఏడింటికి అయిదు నిమిషాల ముందు అమ్మ మిషను మీద ఉంది. నాలుగు గంటలూ పూర్తిగా జరిగాయి.

నర్సమ్మ కాగితం ప్రకారం నీవి ఇరవై, ముప్పై అయిదు, పన్నెండు, ముప్పై. కలిపితే గంటా ముప్పై ఏడు. ఇంకా పదమూడు నిమిషాలు ఉన్నాయి. మూడోవారం పన్నెండే ఎందుకు వచ్చాయో నాకు తెలుసు, క్రికెట్ అట. శుక్రవారం రా.

అమ్మ ఖాతాలో ఒక మాట బాకీ ఉండేది. ఈరోజు పొద్దున ఆరూ నలభైకి ముట్టింది.

అక్క